ఎండు రొట్టె వాటాలు

రాణిగారి పేరు చెప్పి మేము దోచుకున్న స్పెయిన్ ఓడలో, జబ్బుతో అందరూ పోగా నేనూ, నా తోటి నావికుడు హంఫ్రీ మిగిలాం. తిండి దగ్గర తగవు రాకుండా మా ఇంగ్లీషు నావికులకొక పద్ధతుంది. ఒకడు ముక్క మీద వేలు పెట్టి "ఇదెవరికి?" అంటాడు. అటు తిరిగి కూర్చున్నవాడు చూడకుండా పేరు చెబుతాడు.

ఈ ఉదయం హంఫ్రీ కూడా పోతే, శవాన్ని సముద్రంలో వదిలాను. రాత్రయింది, గాలి లేదు. తెరచాప కూడా చప్పుడు చేయలేదు. అలవాటు చావక ఎండు రొట్టెను రెండు ముక్కలు చేసి, అటు తిరిగి కూర్చున్నాను.

"ఇదెవరికిరా, తిండిపోతూ?"

హంఫ్రీ గొంతే. భయం కన్నా ముందు ప్రాణం లేచొచ్చింది.

"నీకేరా."

"మరి ఇది?"

"నాకు."

నా ముక్క తీసుకుందామని ఇటు తిరగబోయాను.

"మరి ఇది?"

నేను చేసింది రెండు ముక్కలే.