కుడిచేతి కత్తెర

“సచ్చింది ఎవరమ్మా? నిజం చెప్పు.”

గుమ్మంలోనే అడిగాడు రామాంజులు. ప్రొద్దుటూరులో బట్టల అంగడి ఆయనది. గజం గుడ్డకు నవ్వుతూ బేరమాడే మనిషే, ఎన్నికలొస్తే ఒక వర్గానికి కుడిభుజం. బయట జీపులో నలుగురు కూర్చుని ఉన్నారు.

“మా మరిది దేవపాలు. పూడ్చి పన్నెండు దినాలాయ. సిలువ మీద పేరు గూడా రాయించినాం,” అంది రాహేలు.

“ఇద్దరూ కవలలు. సచ్చిన పొద్దు దేవపాలు బండి మీద జమ్మలమడుగుకు పోయింది మీ ఆయనంటాండారు. పరీక్ష డ్యూటీకంట.”

“లేదప్పా. ఆ పొద్దు ఆయనకు జరం, పండుకోనుండాడు. బండి దేవపాలుదే, పోయిందీ వాడే.”

లోపల మంచం మీద అత్త గంగమ్మ గోడవైపు తిరిగి, “ఒకన్నన్నా మిగల్చు ప్రభువా,” అని గొణుగుతోంది. మంచం పక్కన నిలబడ్డ మనిషి తల ఎత్తలేదు. రాహేలు భర్త, బడిలో పాఠాలు చెప్పే దేవరాజు అయ్యవారిది కుడిచేతి వాటం, ఎదుటి వర్గానికి బాంబులు చుట్టే దేవపాలుది ఎడమచేతి వాటం. ఆ తేడా తప్ప ముఖం చూసి ఎవరూ పోల్చలేరు. చచ్చింది దేవపాలు కాదని తేలితే జీపు ఊరికే తిరిగిపోదు.

రామాంజులు కూర్చోబోతూ మూలనున్న పేలికల మూటను కాలితో జరిపాడు.

“ఇదేంది?”

“బొంత కుట్టుకుందామని.”

బల్ల మీది తెల్లపొడి సీసా తీశాడు. “ఇది? బాంబు మందా?”

రాహేలు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. ఆ సీసా ఆమె పరిశోధన.

“జల్లెడప్పా. కంటికి కనపడని బొక్కలుండే స్ఫటికాలు. కొన్ని మందుల్లో అణువులు రెండు రకాలు, కుడిచెయ్యి ఎడమచెయ్యి మాదిరి. బరువొకటే, రంగొకటే, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. ఒకటి రోగం మాన్పుతాది, ఇంకోటి ప్రాణం తీస్తాది. ఈ బొక్కల్లో ఎడమది ఇరుక్కోవల్ల, కుడిది బయటికి పోవల్ల.”

“పోతాండాదా?”

“నాలుగేండ్లాయ. రెండూ పోతాండాయి.”

ఆమె సీసా అందుకుని తిరిగి బల్ల మీద పెట్టింది. ఆ చదువూ దండగే, ఈ బతుకూ దండగే అనిపించింది.

రామాంజులు నవ్వాడు. “నా జల్లెడ తప్పదమ్మా.” సంచిలోంచి అంగడి కత్తెర తీశాడు. “అన్నం అందరూ కుడిచేత్తోనే తింటారు, తల్లులు కొట్టి నేర్పుతారు. కత్తెర ఎవరూ నేర్పరు. ఎడమచేతి వాటమోని కుడిచేతిలో పెడితే గుడ్డ నలిగి వంకరపోతాది గానీ తిన్నగా తెగదు. నలభై ఏండ్లుగా అంగట్లో అందరికీ చెప్తానే ఉండా. పట్టు, అయ్యవారూ.”

తువ్వాలు చాచాడు. మంచం పక్కనున్న మనిషి కత్తెరను కుడిచేత్తో అందుకున్నాడు. గంగమ్మ గొణుగుడు ఆగింది. కత్తెర కరకరమంటూ నడిచి, తువ్వాలును గీత గీసినట్టు చివరిదాకా కోసింది.

రామాంజులు అంచును బొటనవేలితో తడిమాడు.

“దేవరాజే. తప్పుగా అనుకోవద్దమ్మా. పని సరిగ్గా అయిందో లేదో చూసుకోవల్ల గదా.”

ఓటరు స్లిప్పు పంచేటప్పటి మర్యాదతోనే అన్నాడా మాట. జీపు వెళ్లిపోయింది.

రాహేలు గడియ వేసింది. పన్నెండు రోజులుగా ఏడవాలని ఉంది, ఏడుపు రావడం లేదు. ఒంగి తువ్వాలు ముక్కలు రెండూ ఏరి, రాత్రుళ్లు అతనిచేత కత్తెరతో కోయించిన తన పెళ్లిచీర పేలికలున్న మూటలో వేసింది. అతని కుడిచేతి వైపు చూసింది.

“నా మొగుని చెయ్యి నీకొచ్చేసిందిలే, దేవపాలూ.”