రెండో తుమ్ము

మిరపకాయల టిక్కీ బస్తాల మధ్య దాచిన ఎన్నికల సొమ్మును తెల్లారేలోగా తరలించాలి. పొద్దున్నే సోదాలు ఉంటాయని కబురు వచ్చింది. మంత్రిగారి బావమరిది చైతన్యకృష్ణ కోల్డ్ స్టోరేజీలోకి ఒక్కడే వెళ్లాడు. ఇలాంటి పనికి సాక్షులెందుకు?

ఆ సొమ్ము మార్టూరు గ్రానైట్ వ్యాపారి వీరాంజనేయులుది. క్వారీ లీజు ఇప్పిస్తారని పార్టీకి ఫండు ఇచ్చాడు. లీజు రాలేదు. అంతా కోర్టులో చెప్పేస్తానన్నాడు. పోయిన నెల, మంత్రిగారితో మాట్లాడిస్తానని చైతన్యకృష్ణే వీరాంజనేయులు ఇంటికి కారు తీసుకెళ్లాడు. గడప దాటబోతూ పెద్దాయన తుమ్మాడు.

"ఒంటి తుమ్ము బాబూ. రెండోది వచ్చిందాకా ఆగుదాం."

"ఈ రోజుల్లో కూడా ఏంటండీ ఇవి? ఎక్కండి, ఎక్కండి!"

ఎక్కాడు. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

చైతన్యకృష్ణ సొమ్మున్న టిక్కీని భుజానికెత్తుకున్నాడు. ఘాటుకి కళ్లు మండుతున్నాయి. అంతవరకూ హోరెత్తుతున్న మిషన్లు ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో, వరసల వెనక ఎవరో తుమ్మారు.

"ఎవర్రా అది?"

గబగబా తలుపు దగ్గరికి వచ్చాడు. తెరిచి పెట్టి వచ్చిన తలుపు మూసి ఉంది. టిక్కీ కింద పడేసి రెండు చేతులా గుంజాడు. కదల్లేదు.

వణికించే ఆ చలిలో, మెడ మీద వెచ్చగా తుంపర పడింది.

"రెండోది కూడా వచ్చింది బాబూ," అంది చెవి పక్కనే ఆ గొంతు. "ఇక బయల్దేరదామా?"