శని వెళ్ళిన పొద్దున

ఊళ్లో ప్రతి మణికట్టుకూ గ్రహపట్టీ ఉంది. ఎవరి మనసు కుదురుగా లేకపోయినా, అది ఏ గ్రహం వల్లో పట్టీయే చెప్పేస్తుంది. హైమ పట్టీ ఏలినాటి శనితో ఏడున్నరేళ్లు నల్లగానే ఉంది. ఆ పొద్దున పెసరట్టు తిరగేస్తుంటే పట్టీ, ఇక ఏ గ్రహమూ లేదన్నట్టు, ఆకుపచ్చగా మారింది. గుండెలో గుబులు మాత్రం నిన్నటిలాగే ఉంది.

"నాకీ ఇంట్లో ఊపిరాడట్లేదండీ," అంది.

ఆ మాట విన్నప్పుడల్లా శనికి నువ్వులనూనె దీపం పెట్టేసి ఊరుకోవడం ఆమె భర్త భాస్కరానికి అలవాటు. ఇప్పుడూ నూనె సీసా అందుకున్నాడు.

"పట్టీ చూడండి. శని వెళ్ళిపోయాడు."

చూశాడు. సీసా ఎక్కడ పెట్టాలో తోచక, చేత్తో పట్టుకునే కూర్చుండిపోయాడు.

"మరి ఎప్పట్నుంచి, హైమా?" అని మొదటిసారి అడిగాడు.

"శని రాకముందు నుంచే," అంది హైమ.