పడగొట్టేదా, నిలబెట్టేదా?

“అయ్యగారూ, దునామిస్ అంటే మనిషిని పడగొట్టే శక్తియా, నిలబెట్టే శక్తియా?”

సిద్దిపేటలో దుబ్బాక రోడ్డు పక్కనున్న రేకుల షెడ్డులో, ఆదివారం ప్రార్థన నడుమ, రిటైర్డు టీచరు ప్రమీలాదేవి లేచి నిలబడి అడిగిన ప్రశ్న ఇది. చాపల మీద కూర్చున్న అరవై మందీ తలలు తిప్పి ఆమె వైపు చూశారు.

పాస్టరు రత్నాకర్ మైకు చేయి మార్చుకున్నాడు. “గ్రీకు మాట మేడం. దేవుని శక్తి అని అర్థం. డైనమైట్ అన్న పేరు దాన్నుంచే పుట్టింది. గుట్టనే పగలగొడ్తది, మనిషి పడడా?”

“డైనమైట్ పుట్టి నూటయాభై ఏండ్లు దాటిందేమో. సువార్తలు రాసి రెండు వేల ఏండ్లాయె. మనవని గుణం తాతకు అంటగడుతున్నరు మీరు. నిఘంటువుల బలం, సామర్థ్యం అని ఉన్నది. పేలుడు అని లేదు.”

“రిటైరైనా మేడం పరీక్ష పెట్టుడు మానలే,” అంది వెనక వరుసలోంచి రామవ్వ. నలుగురు కిసుక్కున నవ్వారు.

రత్నాకర్‌కు కోపం రాలేదు. “పుస్తకాలెందుకు మేడం, కండ్ల ముందట సాక్ష్యం ఉండంగ,” అంటూ ముందువరుస కుర్చీ వైపు చేయి చాపాడు.

ఆ షెడ్డులో కుర్చీ ఉన్నది ఒక్కరికే. చింతమడక నుంచి ఆటోలో వచ్చే కొండవ్వకు. నాట్లకూ కలుపుకూ పోయే కూలిమనిషి. మూడు నెలలుగా, పాస్టరు చేయి నెత్తిన పెట్టగానే కూలిపోతోంది. శక్తి దిగిందన్నారు అందరూ. మొదటిసారి పడిన ఆదివారమే ఆమెకు ఆ కుర్చీ వేశారు. రేపటి నుంచి ఆమె నలభై దినాల ఉపవాసానికి కూర్చుంటుందని ఇందాకే ప్రకటించారు. ప్రమీలాదేవిని చాప మీంచి లేపింది ఆ ప్రకటనే.

“రా కొండవ్వా.”

కొండవ్వ లేచింది. రెండడుగులు వేసింది. పాస్టరు చేయి ఇంకా గాలిలో ఉండగానే కుప్పకూలింది. స్తోత్రాలతో షెడ్డు హోరెత్తింది.

ప్రమీలాదేవికి ఏమీ అర్థం కాలేదు. ఇన్నాళ్లూ ఇది నటన అనుకుంది. నటించేవాళ్లు మోచేయి చీరుకుపోయేలా పడరు. పోనీ, శక్తే అనుకుందామంటే తాకకముందే ఎట్లా దిగింది? రత్నాకర్ కూడా తన అరచేతిని తానే వింతగా చూసుకుంటున్నాడు. మోసగాడి చూపు కాదది. నటనా కాక, మోసమూ కాక, మరి ఇదేమిటి?

ఆమె కొండవ్వ పక్కన కూర్చుని కంటి కింది రెప్ప కిందికి లాగింది. బడిలో ఏళ్ల తరబడి ఆడపిల్లలకు ఐరన్ గోళీలు పంచిన చేయి అది. రెప్ప లోపల ఎరుపన్నదే లేదు. సున్నం వేసిన గోడలా ఉంది.

“నీళ్లు తెండి. అయ్యగారూ, శక్తి దిగి పడుతలేదు ఈమె. ఒంట్ల రక్తం లేక పడుతున్నది.”

రత్నాకర్ మైకు కింద పెట్టేశాడు. “నాకు తెల్వకపాయె మేడం,” అన్నాడు మెల్లగా. “ఉపాసం వద్దు కొండవ్వా. లే, దవాఖానకు పోదాం.”

అతను ఇంత సులువుగా ఒప్పుకుంటాడని ప్రమీలాదేవి అనుకోలేదు. ఇక చిక్కు విడినట్టే అనుకుంది.

కొండవ్వ కళ్లు తెరిచింది. టీచరునూ చూడలేదు, పాస్టరునూ చూడలేదు. తల తిప్పి, కుర్చీ అక్కడే ఉందో లేదో చూసుకుంది.

“దవాఖానకు నాట్లప్పుడే పోయొచ్చిన టీచరమ్మా,” అంటూ కొంగు ముడి విప్పింది. లోపల ఎర్రటి ఐరన్ గోళీల అట్టలు. ఒక్క గోళీ కూడా తీసినట్టు లేదు.

“గివి మింగితే పడనన్నరు. పడకుంటే నన్ను గా కుర్సీల ఎవలు కూసోబెడతరు?”

గ్రీకు మాటకు అర్థం తర్వాత వెతుకుదురు గాని, ముందు ఈ తెలుగు ప్రశ్నకు జవాబు చెప్పండి.