పన్నెండు నిమిషాల బ్యాటరీ

పెద్దాయన కెమెరా బ్యాటరీని గాజు బల్ల మీద పెట్టి వేలితో తిప్పాడు. అది గిర్రున తిరిగింది.

"చదునుగా ఉంటే ఇలా తిరగదు. ఇది ఉబ్బింది బాబూ, ఛార్జింగుకు కూడా పెట్టకండి."

పాత కెమెరాల దుకాణదారు నొసలు చిట్లించాడు.

పొద్దున్నే వచ్చిన ఈ ముక్కూమొహం తెలియని మనిషి కొనేదీ లేదు, అమ్మేదీ లేదు. ట్రేలో ఉన్న పాత బ్యాటరీలన్నీ పరీక్షించి పెడతానంటున్నాడు. అదీ ఊరికే!

లాభం లేనిదే మనిషి కదలడని దుకాణదారు లెక్క. ఈయన లాభమేంటో ఎంత ఆలోచించినా తేలలేదు.

అయినా కాదనలేదు. అవసరం తనదే. నాలుగు రోజుల్లో ఎనిమిది బ్యాటరీలు ఇస్తానని ఒక ఫొటోగ్రాఫరుకు మాటిచ్చాడు. ఇవ్వకపోతే ఆ బేరం ఎదురు షాపుకు పోతుంది. ఆ రకం తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ట్రేలో ఉన్నవే పంతొమ్మిది.

"ఛార్జరు మీద పచ్చలైటు వెలిగితే చాలదా?"

"నిండిందని చెబుతుంది. నిలుస్తుందని చెప్పదు."

పెద్దాయన ఉబ్బినదాన్ని పక్కన పెట్టి, మిగతావన్నీ నింపి, ఒక రోజంతా కదపకుండా ఉంచాడు.

మర్నాడు నాలుగు కెమెరాలు వరసగా పెట్టి, ఒక్కోదాంట్లో ఒక బ్యాటరీ వేసి, గోడగడియారాన్ని వీడియో తీయడం మొదలెట్టాడు. కెమెరా దానంతటదే ఆగిపోవాలి. వీడియో మొదట్లో గడియారం చూపిన టైముకీ, చివర్లో చూపిన టైముకీ తేడాయే ఆ బ్యాటరీ ఆయుష్షు. ఆ నిమిషాలు తెల్లటేపు మీద రాసి బ్యాటరీకి అంటించేవాడు.

టీ ఇస్తే వద్దన్నాడు. భోజనానికి లేవమంటే లేవలేదు.

"ఏంటండీ ఈ పట్టుదల? వీటికేమన్నా ఉద్యోగాలిప్పించాలా?"

"ఉద్యోగం ఎప్పుడో ఇచ్చేశారుగా బాబూ. చేసేదెవరో, చేసినట్టు కనిపించేదెవరో చూస్తున్నా."

నాలుగో రోజు మధ్యాహ్నానికి లెక్క తేలింది. ఏడు బ్యాటరీలు గంట దాటాయి. మిగతావి మధ్యలోనే చేతులెత్తేశాయి.

"ఏడేనా? ఎనిమిది కావాలే!" దుకాణదారు ఒకటి తీశాడు. "ఈ పన్నెండు నిమిషాలదాన్ని కలిపేద్దాం. టేపు పీకేస్తే ఎవరికి తెలుస్తుంది?"

"పన్నెండు నిమిషాలయ్యాక తెలుస్తుంది."

దుకాణదారుకు తిక్క రేగింది.

"ఎదురు షాపువాడు పంపాడా మిమ్మల్ని? సగం సరుకు చెత్త చేసి పెట్టారు. చేసిన సాయం చాలు, దయచేయండి!"

పెద్దాయన ఆ బ్యాటరీ అందుకుని, టేపును బొటనవేలితో గట్టిగా నొక్కి, బల్ల మీద పెట్టాడు. చెప్పులేసుకుని మెట్లు దిగాడు.

ఆయన మలుపు తిరగ్గానే దుకాణదారు టేపులన్నీ పీకేశాడు. ఎనిమిదీ ఒకే సంచిలో పడ్డాయి.

అంతలోనే ఫొటోగ్రాఫరు వచ్చాడు.

"అన్నా, మలుపులో పెద్దాయన ఎదురయ్యాడు. మీ దగ్గర్నుంచే వస్తున్నానన్నాడు. గొడవేమన్నా పెట్టుకున్నాడా?"

"గొడవెందుకు? నాలుగు రోజులు కూర్చుని నీ బ్యాటరీలే పరీక్షించాడు. నయాపైసా అడగలేదు. నీకు తెలిసినవాడా?"

సంచి అందుకోబోయిన ఫొటోగ్రాఫరు చెయ్యి ఆగిపోయింది.

"మీ షాపు ఎక్కడని అడిగితే నేనే చెప్పాను. తిట్టడానికి అనుకున్నా."

"నన్నా? అసలెవరాయన?"

"పోయిన నెల వాళ్ళావిడకి గొంతు ఆపరేషన్, అన్నా. ఇక మాట రాదని డాక్టర్లు ముందే చెబితే, ఆవిడకి వచ్చిన పాటలన్నీ పాడించి నాచేత వీడియో తీయించుకున్నాడు. మీ దగ్గర కొన్న బ్యాటరీ మొదటి పాటకే ఆగిపోయిందని, ఆవిడని ఆపరేషనుకి లోపలికి తీసుకెళ్ళాక గానీ నేను చూసుకోలేదు."