వంతెన అవతలి అక్క

మిగిలిన పనులు మూడు: వంతెన నీళ్లలో మునగకుండా చూడాలి, వీధి దీపాలు తగ్గించాలి, అక్కను తీసేయాలి. తెల్లారితే గేమ్ విడుదల.

నటి దొరికేదాకా ఉంటుందిలే అని, ఆ గేమ్ లోకాన్ని కట్టిన తమ్ముడు, వంతెన అవతలి ఇంటి ముందు నిలబడే ఆడమనిషి బొమ్మకు తన అక్క గొంతుతో ఒకే ఒక్క మాట రికార్డు చేశాడు: "తిన్నావట్రా, బడుద్ధాయ్?" తర్వాత అక్క పోయింది. ఆ గొంతు ఇంకెక్కడా మిగల్లేదు.

చివరిసారి విందామని గేమ్‌లో అక్కడిదాకా నడిచాడు. అక్క అతన్ని ఎగాదిగా చూసింది.

"చిక్కి సగమయ్యావు కదరా! లోపలికి రా, తలుపు తీసే ఉంచా."

ఆ మాట అతను రికార్డు చేయలేదు. ఆ తలుపు గోడకు అతికించిన వట్టి బొమ్మ. ఇప్పుడు దాని వెనక దీపం వెలుగుతోంది.

అక్కను తీసేయకుండానే మూడో పనికి "అయింది" అని రాసి, అతను ఆ తలుపులోకి అడుగేశాడు.

మీరెప్పుడైనా ఆ వంతెన దాటితే అక్కను తలచుకోండి. అడిగితే తిన్నానని చెప్పండి. లేదంటే నిద్రపోదు.