పునుగు పవళింపు

కాలింగ్ బెల్ మోగింది.

పూజిత షిఫ్టు నుంచి వచ్చి ఇంకా కోటు కూడా విప్పలేదు. తలుపు తీయకముందే ఎవరో తెలిసిపోయింది.

ఎదురింటి ముసలాయన మిస్టర్ ప్రిచర్డ్. చేతికర్ర మీద వాలి నిలబడ్డాడు.

"సారీ, లవ్. ఆ లిటిల్ ఫెలోని రాత్రిళ్లు పడుకోనివ్వండి. ఆ లైటు కాస్త ఆర్పెయ్యండి," అన్నాడు, ఆమె భుజం మీదుగా ముందుగదిలోకి చూస్తూ.

ముందుగది కిటికీ గట్టు మీద బొటనవేలంత వెంకన్న విగ్రహం. పక్కనే రాత్రింబవళ్లు వెలిగే బల్బు.

"ఓకే, ఓకే," అని తలుపు వేసేసింది పూజిత.

"విన్నారా? స్వామిని పట్టుకుని లిటిల్ ఫెలో అంటాడు!"

"వెలుగు కళ్లలో పడి ముసలాయనకి నిద్ర పట్టడం లేదేమోలే," అన్నాడు ఆమె భర్త కౌశల్, ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండా.

"అయితే కర్టెన్ వేసుకోమనండి. మీకు ఉద్యోగం వచ్చేదాకా ఆర్పనని మొక్కుకున్నాను."

కౌశల్ ల్యాప్‌టాప్‌లోకి ఇంకా వంగాడు. లండన్ దగ్గరి స్టీవెనేజ్‌లో అతను పనిచేసిన కంపెనీ మనుషుల్ని తగ్గించుకున్నప్పటి నుంచీ ఆ మాట వస్తే ఇంట్లో ఎవరూ మాట్లాడరు. పూజిత నిజానికి నూనె దీపమే పెట్టింది. స్మోక్ అలారం ఊరుకోలేదు. అందుకని బల్బు.

ఆ కిటికీ కిందే పునుగు బోను.

నిరుడు వేసవిలో ఓ ఫెర్రెట్ పెరట్లోకి వచ్చి, కూతురు అపూర్వ స్కూలు బ్యాగులో దూరి పడుకుంది. ముంగిసలా పొడుగ్గా ఉంది. ఎవరిదో వాళ్లకి ఇచ్చేద్దామని తల్లీకూతుళ్లు వీధంతా తిరిగారు. కొందరు మాది కాదన్నారు. కొన్ని ఇళ్లకి తాళాలున్నాయి. లైటు స్తంభానికి కాగితం అంటించారు. ఎవరూ రాలేదు.

పూజితకి ఇంట్లో జంతువులు గిట్టవు. కానీ దాని మొహం చూసి, ఆ ఒంటి వాసన చూసి మెత్తబడింది.

"అచ్చం పునుగు పిల్లే. శుక్రవారం స్వామికి పూసే తైలం ఇలాంటిదాన్నుంచే కదా."

పేరు అదే అయింది.

ఇప్పుడా పునుగుకి వెంట్రుకలు ఊడిపోతున్నాయి. ముందు తోక నున్నబడింది. తర్వాత నడుము.

"మమ్మీ, హీ ఈజ్ గోయింగ్ బాల్డ్," అంది అపూర్వ ఏడుపు గొంతుతో.

"కొండకెళ్లి గుండు కొట్టించుకుందేమో," అన్నాడు కౌశల్.

"ఇట్స్ నాట్ ఫన్నీ, డాడీ."

తిండి మార్చారు. షాంపూ మార్చారు. పడక మార్చారు. ఊడడం ఆగలేదు.

"దిష్టే," అని తేల్చింది పూజిత. "సాయంత్రమయ్యేసరికి ఆ ముసలాయన గుమ్మంలో నిలబడి లోపలికి చూస్తాడుగా."

ఉప్పు తిప్పి పారేసింది.

మర్నాడు బెల్ మోగితే తలుపు తీయలేదు. ఆ తర్వాత బెల్ మోగడమే మానేసింది.

మంచిదే అయిందనుకుంది. అయినా సాయంత్రాలు చెవులెందుకో గుమ్మం వైపే ఉండేవి.

చివరికి పునుగుని వెట్ దగ్గరికి తీసుకెళ్లారు. డాక్టరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటుంది?"

"ముందుగదిలో."

"చీకటిగా ఉంటుందా?"

పూజిత నోరు తెరిచేలోపే అపూర్వ చెప్పింది.

"నో. గాడ్స్ లైట్ ఈజ్ ఆల్వేస్ ఆన్."

"వీటికి కిడ్నీ పక్కన చిన్న గ్రంథి ఉంటుంది. అది అతిగా పనిచేస్తే ఇలాగే తోక దగ్గర మొదలై జుట్టు రాలుతుంది. ఎప్పుడూ వెలుగులో ఉంచడం మంచిది కాదు. అదొక్కటే కారణమని మాత్రం చెప్పలేను. చర్మం కింద మందు పెడతాను, జుట్టు మళ్లీ రావచ్చు. మీరు మాత్రం ఈ లిటిల్ ఫెలోని చీకట్లో పడుకోనివ్వండి."

లిటిల్ ఫెలో.

ముసలాయన అలా అన్నది స్వామిని కాదు, పునుగుని.

ఇంటికొచ్చి బల్బు ముందు నిలబడింది.

"మొక్కు కదండీ," అంది నీరసంగా.

"కొండమీద ఆయనకే జోల పాడి, తలుపులేసి పడుకోబెడతారు," అన్నాడు కౌశల్. "మనమే ఆయన్ని మేలుకోబెట్టి ఉద్యోగం అడుగుతున్నాం."

ఈ వెలుగు కావలసింది స్వామికా, నాకా? పూజిత మొదటిసారి తనను తాను ప్రశ్నించుకుంది.

"పవళించు స్వామీ," అంటూ స్విచ్ ఆపింది.

ఆ మాట ఎదురింటాయనకి చెప్పకుండా ఉండలేకపోయింది. పునుగుని ఎత్తుకుని అపూర్వ కూడా వెంట వచ్చింది.

తలుపు తీసింది ఆయన కాదు, ఓ నడివయసు స్త్రీ. వెనక హాలు నిండా అట్టపెట్టెలు.

"మామయ్య కిందటి వారం చనిపోయారు. నిరుడు వేసవంతా హాస్పిటల్లోనే గడిపారు. ఈసారి తట్టుకోలేకపోయారు."

పూజిత చేతులు జోడించింది.

"లైటు ఆర్పేశామని చెబుదామని..."

"ఓ, ఆ లైటు ఇల్లు మీదేనా!" ఆమె ఓ పెట్టెలోంచి మందపాటి నల్లటి గుడ్డ తీసింది. రెండు పొరలు వేసి చేత్తో కుట్టిన గుడ్డ. "ఇది మీకిమ్మన్నారు. 'వాళ్లకి ఆ దీపం ఏదో ముఖ్యమైనట్టుంది, ఇక ఆర్పమని అడగను. రాత్రిపూట బోను మీద ఇది కప్పమను' అన్నారు."

అపూర్వ చేతుల్లోంచి పునుగు ఆ గుడ్డ మీదికి జారింది. గుడ్డని వాసన చూసింది. మూలనున్న చిరుగు నేరుగా వెతుక్కుని, పొరల మధ్యకి దూరి, ఓ చుట్టు తిరిగి పడుకుంది.

"మర్చిపోలేదే, టోబీ. పాప దగ్గర్నుంచి నిన్ను అడగడానికి మామయ్యకి మనసొప్పలేదు," అంది ఆమె, బయటికి కనిపిస్తున్న బోడి తోకని నిమురుతూ.

ఎవరూ వెతుక్కుంటూ రాలేదనుకున్న పునుగు కోసం, దాని యజమాని రోజూ సాయంత్రం పూజిత గుమ్మం దాకా వచ్చి, ఖాళీ చేతులతో తిరిగి వెళ్లాడు.